మేనకోడలికి, పరుగు గురించీ పొట్ట గురించీ

అమ్మలూ,

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌కు పేరు ఇచ్చావని నిన్న మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో నా తరవాత ఇంకొకరు ఆ 42 కిలోమీటర్లకు తెగించారని పొంగిపోయాను. ఆ పొంగు చల్లారకముందే వాడు ఇంకో మాట అన్నాడు. “ఆదివారం పొద్దున ఏమీ తినదక్కా. దారిలో కడుపు ఇబ్బంది పెడుతుందని మంచినీళ్లు కూడా ముట్టదు.” ఇక నాకు రాత్రంతా నిద్ర లేదు. ఆ తెలివి నాది తల్లీ. నా నలభై ఏడో ఏట నేను వెలగబెట్టిన నిర్వాకం అచ్చంగా అదే.

బూట్లు, మేజోళ్లు, వారానికి కొంత చొప్పున దూరం పెంచడం నీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

వేగం సంగతి మాత్రం విను. 10 కిలోమీటర్ల పోటీలో కిలోమీటరు 6 నిమిషాల్లో పరిగెత్తావటగా. ఆదివారం లాంగ్ రన్‌లో, అంటే వారానికోసారి చేసే ఆ దూరపు పరుగులో, అదే కిలోమీటరుకు 7 నిమిషాలు తీసుకో. ఉక్కగా ఉంటే ఏడున్నర. చేతి గడియారాన్ని నమ్ముకోకు, దానికి ఉక్క తెలియదు, మీ ఊరి ఫ్లైఓవర్ల ఎత్తూ తెలియదు. పరిగెత్తుతూ పదమూడో ఎక్కం పైకి చెప్పు. మధ్యలో ఊపిరి తెగిందంటే వేగం ఎక్కువైనట్టే. దారిన పోయేవాళ్లు వింతగా చూస్తారా? చూడనీ.

ఇప్పుడు నా కథ. అది నా మొదటి 30 కిలోమీటర్ల పరుగు. విశాఖలో ఆర్కే బీచ్ దగ్గర మొదలై రుషికొండ దాటి వెళ్లి వెనక్కి రావాలి. దారిలో ఆడవాళ్లు వెళ్లడానికి చోటు ఎక్కడుంటుందోనని భయం. అందుకని ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేశాను. పొద్దున కాఫీ లేదు, ఇడ్లీ ముక్క లేదు. గుంపులో అందరూ కుర్రాళ్లే. “ఆంటీ, మీరు నెమ్మదిగా రండి” అన్నాడొకడు. ఆ ఒక్క మాటకు రోషం పొడుచుకొచ్చి, తెన్నేటి పార్కు దాకా వాళ్ల భుజం పక్కనే పరిగెత్తాను. రుషికొండ ఎత్తు ఎక్కేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. లీటరు నీళ్లలో కలపాల్సిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్టును అరలీటరు సీసాలో కలిపి, చిక్కగా ఉంటే శక్తి ఎక్కువనుకుని, గటగటా తాగేశాను.

తిరుగుదారిలో పేగులు మెలిపెట్టడం మొదలైంది. ఒళ్లంతా చల్లటి చెమట. జోడుగుళ్లపాలెం దగ్గర ఇక ఒక్క అడుగు పడలేదు. ఇంటి ముందు చేపలు ఎండబెడుతున్న ఒకావిడ నా మొహం చూసి, ఏమీ అడగకుండా లోపలికి తీసుకెళ్లి మరుగుదొడ్డి తలుపు తీసింది. బయటికి వచ్చాక బిందెలో నీళ్లు ముంచి ఇచ్చి, “ఎవరు తరుముతున్నారమ్మా నిన్ను?” అంది. ఆవిడ నిజంగానే ఎవరైనా తరిమారనుకుంది. నేను ఏడ్చాను. ఆటోలో ఇంటికొచ్చి మీ మామయ్యకు మోకాలు పట్టేసిందని అబద్ధం చెప్పాను. పొట్ట మాట ఎలా చెబుతాం, సిగ్గు కదా! ఆ సిగ్గుతోనే ఏడాదిపాటు అదే తప్పు మళ్లీ మళ్లీ చేశాను.

చివరికి ఒక డాక్టరమ్మను అడిగితే చెప్పింది. గట్టిగా పరిగెత్తేటప్పుడు రక్తం పేగులను వదిలి కాళ్లకూ చర్మానికీ మళ్లుతుంది. వేగం పెరిగేకొద్దీ, ఒంట్లో నీళ్లు తగ్గేకొద్దీ పేగుల వాటా ఇంకా తగ్గిపోతుంది. అలాంటి పొట్టలో చిక్కటి తీపి నీళ్లు పోస్తే అవి ఒంట్లోకి ఇంకకపోగా, ఒంట్లో నీటినే పేగులోకి లాగుతాయి. అంటే నేను పొట్టను తిట్టుకున్నాను గానీ తప్పు కాళ్లదీ, రోషానిదీ. దారిలో కడుపు తిప్పితే ముందు పరుగు ఆపి నడువు. ఏమి తాగాలన్నది తరవాత చూడొచ్చు.

శనివారం రాత్రి గోంగూర, పప్పు, చిక్కుడు వద్దు. తెల్లన్నం, పలచటి చారు చాలు. పొద్దున పరుగుకు రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు, కారప్పొడి లేకుండా. కాఫీ తాగితే కాస్త ముందుగానే తాగు, దాని పని ఇంట్లోనే అయిపోతుంది. పరుగులో ముప్పావుగంట నుంచే కొద్దికొద్దిగా తినడం మొదలుపెట్టు. గంటకు 30 గ్రాముల పిండిపదార్థంతో మొదలుపెట్టి, పొట్టకు అలవాటయ్యాక 60 దాకా పెంచవచ్చు. ఒక అరటిపండులో 25 దాకా ఉంటుంది. జెల్ (పరుగులో తినే చిక్కటి తీపి ప్యాకెట్టు) తింటే మామూలు నీళ్లే తాగు, దానిపైన తీపి నీళ్లు పోయకు. మారథాన్ రోజున కొత్త తిండి ముట్టుకున్నావో, వచ్చి చెవి మెలిపెడతాను.

నీళ్లు తాగమన్నాను కదా అని కడవలు కుమ్మరించుకోకు. పరుగుకు ముందూ తరవాతా బరువు చూసుకో. బరువు పెరిగితే అతిగా తాగినట్టు, అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి. నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం అసలు వద్దు, కడుపుకూ కిడ్నీలకూ చేటు. మూత్రం నల్లటి టీ రంగులో వచ్చినా, మలంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లు. నాకు ఫోను తరవాత చేయొచ్చు.

నెలసరి మొదటి రెండు రోజుల్లో కడుపు మామూలు కంటే వదులుగా ఉండొచ్చు. లాంగ్ రన్ ఆ రోజున పడితే ముందుకో వెనక్కో జరుపుకో. నిన్నెవరూ బడిలో హాజరు అడగరు. శనివారం సాయంత్రం స్కూటరు మీద దారంతా ఒకసారి తిరిగి ఏ పెట్రోలు బంకులో, ఏ పార్కులో మరుగుదొడ్డి తలుపు తీసి ఉంటుందో చూసుకో. చిల్లర జేబులో పెట్టుకో. నాన్నతో చెప్పడానికి సిగ్గయితే నాతో చెప్పు, నేను విననిది ఏమీ ఉండదు.

ఆదివారం పరుగయ్యాక ఫోను చెయ్యి. ఎన్ని కిలోమీటర్లో తరవాత చెబుదువుగాని, పొద్దున ఎన్ని ఇడ్లీలు తిన్నావో ముందు చెప్పు.

మీ అత్త