భటుడా, బంటా?

సందేహం: టోల్కీన్ ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లోని బెరెగాండ్ కథను పిల్లల కోసం తెలుగులో రాస్తున్నాను. ‘భటుడు’ అంటే వెలితిగా ఉంది. ‘నమ్మినబంటు’ అందామంటే, బంటు అంటే నౌకరే కదా అని మిత్రులు వద్దంటున్నారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

సమాధానం: బంటు భటుడికి వికృతే. అయితే ప్రకృతీ వికృతీ ఒకే తూకం తూగాలని ఎక్కడా లేదు. ‘భట’కు మూలం ‘భృత’, అంటే జీతమిచ్చి పోషించే మనిషి. నిరుద్యోగ భృతిలోని భృతి దానికి తోబుట్టువు. భటుడు జీతానికి కట్టుబడతాడు, బంటు మనిషికి.

ఈ తేడా త్యాగరాజస్వామికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ‘బంటురీతి కొలువియ్యవయ్య రామ’ అని హంసనాద రాగంలో కొలువు అడిగారే గాని జీతం ఊసెత్తలేదు. చరణంలో ఆ బంటు ఉడుపులు చూడండి. రోమాంచమే కంచుకం, రామనామమే ఖడ్గం, ‘రామభక్తుడను ముద్రబిళ్ళయు’! నా ప్రాణమంతా ఆ బిళ్ళ మీదే. చిన్నప్పుడు విశాఖ కలెక్టరు కచేరీ వరండాలో బిళ్ళబంట్రోతును చూశాను. భుజం మీదుగా వేసుకునే ఎర్ర పట్టీ, అదే దవాలీ, దాని మీద ఇత్తడి బిళ్ళ, చింతపండుతో తోమి తోమి అక్షరాలు అరిగిపోయాయి. అతను ఎవరి మనిషో ఆ బిళ్ళే చెప్పేది. త్యాగయ్య దాని మీద సర్కారు ముద్రకు బదులు ‘రామభక్తుడు’ అని వేయించుకున్నారు. ఇందులో నౌకరీ చిన్నతనం ఎక్కడుంది?



ఇక బెరెగాండ్. మొదట అతను కోట కావలి భటుడే. మతి చెదిరిన నగర పాలకుడు డెనెథార్, జ్వరంతో ఒళ్లెరగక పడి ఉన్న కొడుకు ఫారమీర్‌ను తనతోపాటు చితికెక్కించబోతే, కావలి వదిలి పరుగెత్తాడు. అడ్డొచ్చిన ద్వారపాలకుణ్ని చంపి, కాగడాలతో వచ్చే సేవకులను గుమ్మంలోనే కత్తి దూసి ఆపాడు. ఆ తప్పుకు మరణశిక్షే విధి. తరువాత గద్దెనెక్కిన కొత్త రాజు మాత్రం అతణ్ని కోట కొలువు నుంచి తప్పించి, ఫారమీర్ రక్షకదళానికి నాయకుణ్ని చేశాడు. బిళ్ళ మారింది. కావలి వదిలేదాకా ‘భటుడు’ అనీ, ఆ తరువాత ‘బంటు’ అనీ రాయండి.

‘నమ్మినబంటు’ మాటకొస్తే, నిన్న పార్టీ మారినవాణ్ని ఇవాళ కొత్త నాయకుడికి నమ్మినబంటు అని పత్రికలు రాయడం నాకు బాధగా ఉంటుంది. అన్నట్టు, అది ఏలిక నమ్మిన బంటా, ఏలికను నమ్మిన బంటా? మన ‘నమ్మిన’ రెండింటికీ ఒదుగుతుంది. బెరెగాండ్ విషయంలో నేను రెండో అర్థం వైపే మొగ్గుతాను, మొదటిది తప్పనలేను.