గురువా, గురుడా?

సందేహం: జూపిటర్‌ను చూసి రమ్మని నాసా పంపిన జూనో గురించి మా స్కూలు గోడపత్రికలో 'గురుడి చుట్టూ తిరిగే ఉపగ్రహం' అని రాశాను. 'గురువు' అనాలని ఒక మాస్టారు, 'వ్యోమనౌక' అనాలని ఇంకొకరు దిద్దారు. ఏది సరి? – ఒక ఉపాధ్యాయిని, చిత్తూరు

సమాధానం: ఇద్దరూ ఎర్రసిరా వృథా చేశారమ్మా. ఉకారాంతానికి వు వస్తుందన్న సూత్రం మీకు కొత్త కాదు, ఆ లెక్కన గురువే. కానీ పంచాంగం పట్టినవాళ్ళంతా 'గురుడు ఫలానా రాశిలో ఉన్నాడు' అంటున్నారు, భానువును భానుడు చేసుకున్న భాష దీన్ని కాదంటుందా? పాఠం చెప్పేవాడు గురువు, ఆకాశంలో ఉండేవాడు గురుడు, ఈ తేడా నాకైతే ముచ్చటగానే ఉంది.

అసలు గురు అంటే బరువైనది. ఛందస్సులో లఘువు పక్కన రెండు మాత్రలు మోసేది ఆ గురువే. బరువైనవాడు గనకే పెద్దవాడు, పూజ్యుడు, చివరికి పంతులు. లాటిన్ 'గ్రావిస్' దీనికి జ్ఞాతి, అంటే మీ పిల్లలు గ్రావిటీ అన్నప్పుడల్లా గురువుగారి దాయాదినే పిలుస్తున్నారు. ఆ గ్రహమేమో 318 భూముల బరువు! మనవాళ్ళు తూచి పెట్టిన పేరు కాదులెండి, దేవతల ఆచార్యుడని పెట్టారు, అలా అతికింది. వాట్సాప్‌లో తిప్పకండి. 2016 జులైలో కక్ష్యలో చేరిన జూనో పనుల్లో ఈ బరువు సంగతీ ఒకటి. గ్రహానికి దగ్గరగా దూసుకుపోయేటప్పుడు లోపలి బరువు ఎక్కడెంత ఉందన్న దాన్ని బట్టి దాని వేగం రవ్వంత మారుతుంది, ఆ మార్పు భూమికి పంపే రేడియో తరంగంలో దొరికిపోతుంది. గురుడి గురుత్వం! ఇంత కుదురైన మాట ఉండగా టీవీలో 'జూపిటర్ ప్లానెట్ యొక్క గ్రావిటీ' అంటారు, మధ్యలో ఆ 'యొక్క' ఒకటి.

బృహస్పతి అన్నా సరే. మీ ఊరి బెల్లం మండీలో 'బేస్తారం రా సామీ' అంటే ఆయన వారమే, పేరు అరిగిందంతే.

ఇక ఉపగ్రహం. చుట్టూ తిరుగుతోంది గనక తప్పనలేను. కాకపోతే 2021 జూన్‌లో జూనో గురుడి సహజ ఉపగ్రహం గానిమీడ్‌కు వెయ్యి కిలోమీటర్ల చేరువగా వెళ్ళింది. 'ఉపగ్రహం పక్కనుంచి ఉపగ్రహం పోయింది' అని గోడమీద రాస్తే ఏది ఏదని పిల్లలు మిమ్మల్నే పట్టుకుంటారు, అలాంటిచోట వ్యోమనౌక అనేయండి. మనిషి లేనిది నౌకెలా అవుతుందని మూడో మాస్టారెవరైనా వస్తే, అందులో గెలీలియో లెగో బొమ్మ ఒకటి ప్రయాణం చేస్తోందని చెప్పండి.