20 రోజుల బాబుకు రెండు పాదాలూ లోపలికి తిరిగాయి, మూడో నెల దాకా ఆగొచ్చా?

డాక్టరు క్లబ్‌ఫుట్ అన్నారు, కట్లు వేయాలన్నారు, ఇంట్లో పెద్దవాళ్లేమో నూనె పెట్టి నీవితే అదే సరిపోతుంది, మూడో నెల రానీ అంటున్నారు అని రాశారు. ఆగకండి చెల్లెమ్మా. మావాడికి కుడి పాదం అచ్చం అలాగే ఉండేది. ఇప్పుడు వాడికి ఆరేళ్లు. పాకాల నుంచి తిరుపతికి వారం వారం వాణ్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరిగాను, ఆ అనుభవంతోనే చెబుతున్నా.

గ్రహణం పూట కత్తిపీట ముట్టుకున్నావా అని మా అత్త అడిగింది. నేను కూడా పిచ్చిదాన్ని, క్యాలెండర్ తీసి తొమ్మిది నెలలూ వెతికాను. ప్రపంచం మొత్తం మీద సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఇలా వస్తుంది, మగపిల్లల్లో ఆడపిల్లలకు రెట్టింపు. మీరు చేసిన పని వల్ల వచ్చింది కాదు. ఇక మన వైపు కాలు అనగానే పుత్తూరు కట్టు అంటారు. అది విరిగిన ఎముకకు. మన పిల్లలకు ఏదీ విరగలేదు, పాదం లోపలికి మెలి తిరిగి, మడమ వెనక తాడులా ఉండే స్నాయువు పొట్టిగా బిగుసుకుపోయి ఉంటుంది. పసిగుడ్డుగా ఉన్నప్పుడే అవన్నీ మెత్తగా సాగుతాయి కాబట్టే డాక్టర్లు తొందరపెడతారు.

ఎక్కడికి వెళ్లినా ముందు 'పొన్‌సెటి పద్ధతిలో చేస్తారా' అని అడగండి. అమెరికాలోని అయోవాలో పనిచేసిన పొన్‌సెటి అనే డాక్టరు పెద్ద ఆపరేషన్ లేకుండా కట్లతో సరిచేసే ఈ దారి కనిపెట్టారు. తిరుపతిలో టీటీడీ వాళ్ల బర్డ్ ఎముకల ఆసుపత్రి ఉంది, రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, విచారించండి. ఆశా వర్కర్‌తో కూడా చెప్పండి. ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకంలో క్లబ్‌ఫుట్ కూడా ఉంది.

కట్ల సంగతి. వారానికోసారి పాదాన్ని చేత్తో కొంచెం కొంచెం బయటికి తిప్పి, వేళ్ల నుంచి తొడ పైదాకా మోకాలు వంచి పిండికట్టు వేస్తారు. మామూలుగా అయిదు నుంచి ఏడు పడతాయి, మావాడికి ఆరు. తర్వాత చాలామందికి మడమ వెనక ఆ స్నాయువుకు చిన్న గాటు పెట్టి, చివరి కట్టు మూడు వారాలు ఉంచుతారు. స్నానం ఉండదు, తడిగుడ్డతో తుడవడమే. బస్సులో ఎవరో ఒకరు 'బిడ్డను పడేసినారా?' అంటారు, రెండో వారానికే అలవాటైపోతుంది.

వేళ్లను మాత్రం రోజూ నాలుగైదుసార్లు చూడండి. నొక్కితే తెల్లబడి వెంటనే ఎర్రబడాలి. నల్లగానో నీలంగానో మారినా, ఉబ్బినా, చల్లబడినా, కట్టు లోపలికి వెళ్లిపోయినా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. మా నాలుగో కట్టుకు గురువారమే వేళ్లు సగం కనబడడం మానేశాయి. సోమవారం ఎలాగూ పోతాం కదా అనుకున్నా. విప్పి చూస్తే కట్టు జారి చర్మం కమిలిపోయింది, ఆ వారం పడిన కష్టమంతా వృథా. ఆ తప్పు పూర్తిగా నాదే.

కట్లు అయిపోతే గండం గడిచిందనుకుంటారు. నన్నడిగితే అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. రెండు బూట్లు, మధ్యలో రాడ్. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్ల వయసు వరకు రాత్రీ, పగటి నిద్రలోనూ. మొదటి మూడు రాత్రులు వాడు ఏడ్చాడు, వాడితో పాటు నేనూ ఏడ్చాను. 'బిడ్డకు సంకెళ్లు వేసినారే' అని మా అమ్మే అనింది. నేను రాడ్ పట్టుకుని రెండు మోకాళ్లూ ఒకేసారి వంచి చాపుతూ ఆట నేర్పాను. కాళ్లు విడివిడిగా ఆడించలేనని వాడికి అర్థమయ్యాక ఏడుపు తగ్గింది. రాడ్‌కు పాత చీర గుడ్డ చుట్టండి, లేకపోతే మీ మోచేతులకు దెబ్బలు. బూటులో మడమ కిందికి ఆనాలి, మధ్య పట్టీ గట్టిగా ఉండాలి. వదులుగా ఉంటేనే పాదం జారి బొబ్బ వస్తుంది. ఎర్రబడిన చోట నూనె, పౌడర్ పెట్టకండి.

మావాడికి రెండేళ్లప్పుడు మరిది పెళ్లి. ఇంటినిండా చుట్టాలు, వాడు బాగా పరిగెడుతున్నాడు, మూడు వారాలు బూట్లు అటక మీద పెట్టేశాం. చూస్తుండగానే మడమ నేలకు ఆనడం తగ్గింది, వేళ్ల మీద నడక. మళ్లీ రెండు కట్లు. డాక్టరు తిట్టలేదు, అదే ఎక్కువ బాధ.

ఇప్పుడు కుడి పిక్క కొంచెం సన్నం, కుడి చెప్పు కాస్త వదులు. గ్రౌండ్‌లో వాణ్ని పట్టుకోవడం నా వల్ల కాదు.

మీరు మొదటి కట్టుకు వెళ్లేరోజు బయల్దేరే ముందే కడుపునిండా పాలివ్వకండి. కట్టు వేసేటప్పుడు పట్టండి, తాగుతూ ఉంటే కాలు వదులుగా పెడతాడు, డాక్టరుకు పని తేలిక. రెండు పాత టవళ్లు కూడా పెట్టుకోండి, ఆ పిండి ఒళ్లంతా అవుతుంది.