మ్యాప్‌లో తుఫాను దారి గీత బాపట్ల మీదుగా ఉంది, దివిసీమలో ఉన్న మావాళ్లకు గండం తప్పినట్టేనా?

మీ అమ్మానాన్నలు నాగాయలంక దగ్గర ఉన్నారని, మీరు హైదరాబాద్‌లో ఉన్నారని రాశారు. టీవీ మ్యాప్‌లో తుఫాను దారిని చూపే గీత బాపట్ల దగ్గర తీరం దాటుతోంది కాబట్టి మనవైపు భయం లేదనుకోవచ్చా అని అడిగారు. అలా అనుకోకండి. నాది అవనిగడ్డ వైపు, ఇప్పటికీ ఇక్కడే ఉంటున్నాను. తుఫాను బాపట్ల, చీరాల వైపు వస్తోందని వింటే మా ఇంట్లో పెద్దవాళ్లకు టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

ఎందుకంటే మన దగ్గర తుఫాను గాలి గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురుగా తిరుగుతుంది. ఆగ్నేయం నుంచి వచ్చిన తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటితే, దానికి కుడిపక్కన ఉండేది దివిసీమ, మచిలీపట్నం. అక్కడ గాలి సముద్రం మీద నుంచి ఒడ్డు మీదికి కొడుతుంది, నీళ్లను కూడా తోసుకొస్తుంది. పైగా తుఫాను ముందుకు కదిలే వేగం కూడా ఆ కుడిపక్క గాలికే తోడవుతుంది. ఎడమపక్కన, ఒంగోలు వైపు, గాలి నేల మీద నుంచి సముద్రంలోకి పోతుంది. కాబట్టి మీ ఊరు గీతకు ఎంత దూరం అని చూసేముందు, ఏ పక్కన ఉందో చూడండి.

1977 నవంబర్ 19న జరిగింది ఇదే. తుఫాను కేంద్రం తీరం దాటింది చీరాల దగ్గర. నాగాయలంకకు అది పడమరగా దాదాపు 60 కిలోమీటర్లు. ఉప్పెన ముంచింది మాత్రం దివిసీమను. సుమారు 5 మీటర్ల ఎత్తున నీళ్లు వచ్చాయి, సర్కారు లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయారు. గాలికి ఇల్లు పడిపోతుందేమోనని అందరూ తలుపులు బిగించుకుని కూర్చున్నారట, సముద్రం ఊళ్లోకి వస్తుందన్న ఊహే ఎవరికీ లేదట. మా నాయనమ్మ బతికున్నంత కాలం ఈ మాటే చెప్పేది. మనవైపు ఏ ఊళ్లో అడిగినా, ఆ రోజు పోయినవాళ్లు లేని కుటుంబం అరుదు.

ఇక మ్యాప్ సంగతి. గీత చుట్టూ ముందుకు పోయేకొద్దీ గరాటులా వెడల్పయ్యే రంగు కనిపిస్తుంది కదా, తుఫాను కేంద్రం అందులో ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం. ఒక్కరోజు ముందు వేసిన అంచనాలో కూడా పదుల కిలోమీటర్ల తేడా వస్తుంది. అయినా ఆ రంగు కేంద్రం ఎటు పోవచ్చో చెప్పేదే కానీ, దెబ్బ ఎంత దూరం తగులుతుందో చెప్పేది కాదు. గాలీ వానా ఉప్పెనా దాని బయట కూడా ఉంటాయి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గర. కానీ అంతకు ముందే, అది ఇంకా సముద్రంలో ఉండగానే, చెన్నై నీట మునిగింది. ఆ తుఫానుకు మనవైపు వరి రైతులు పడ్డ కష్టం మీకు తెలిసిందే.

మచిలీపట్నం రేవులో ఎగరేసే హెచ్చరికల గురించి కూడా చెప్పాలి, చాలామంది పొరబడేది ఇక్కడే. ఎనిమిది, తొమ్మిది, పది నంబర్లు మూడూ మహా ప్రమాద సూచికలే. ఎనిమిది అంటే రేవు తుఫాను దారికి ఎడమపక్కన పడుతుందని, తొమ్మిది అంటే కుడిపక్కన పడుతుందని, పది అంటే తుఫాను రేవు మీదుగా గానీ బాగా దగ్గరగా గానీ దాటుతుందని. ‘తొమ్మిదే కదా, పది వేస్తే చూద్దాం’ అని మా వీధిలోనే అనడం విన్నాను. ఉప్పెన భయమున్న పక్క ఏదో ఇందాక చెప్పాను కదా, తొమ్మిది చెప్పేది ఆ పక్క గురించే.

బులెటిన్‌లో ఉప్పెన ఎత్తు ‘సాధారణ పోటు కంటే ఒక మీటరు ఎక్కువ’ అన్నట్టుగా ఇస్తారు. అంటే ఆటుపోట్లలో ఆ వేళకు ఉండే పోటు మీద ఇంకో మీటరు. అమావాస్య, పౌర్ణమి రోజులైతే ఆ పోటే పెద్దది. ‘మా ఇల్లు సముద్రానికి దూరమే’ అని అమ్మగారు అంటే ఒప్పుకోకండి. నీళ్లు ఉప్పుటేర్ల వెంట, మురుగు కాలవల వెంట లోపలికి ఎగదన్నుకొస్తాయి. సముద్రం అలా పొంగి ఉన్నంతసేపూ పైనుంచి పడిన వాన నీళ్లు కూడా దిగిపోవు.

వాట్సాప్‌లో వచ్చే మ్యాప్‌లు నిన్నటివో మొన్నటివో అయి ఉంటాయి. తుఫానుగా మారాక వాతావరణ శాఖ మూడు గంటలకోసారి బులెటిన్ ఇస్తుంది, దాని మీద తేదీ, టైమ్ చూసి చదవండి. అలలు, ఉప్పెన గురించి హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) హెచ్చరికలు ఇస్తుంది, అవీ చూడండి.

మీ నాన్నగారు గేదెలను వదిలి రానంటారని రాశారు. ఇక్కడ ప్రతి ఇంట్లోనూ ఉండే గొడవే ఇది. ఆయన మనసు కష్టపెట్టకుండా, గేదెలను ముందుగానే మెరక మీదికి తోలించే ఏర్పాటు చేయండి, అప్పుడు ఆయన కదులుతారు. అది కుదరకపోతే కనీసం కట్లు విప్పేయమనండి. నీళ్లొచ్చినప్పుడు గుంజకు కట్టేసి ఉన్న పశువు తప్పించుకోలేదు. అవనిగడ్డ గానీ విజయవాడ గానీ వచ్చేయడం గాలి పెరగకముందే జరగాలి. చెట్లు రోడ్డుకు అడ్డం పడితే ఇక బయల్దేరినా లాభం లేదు. అంత దూరం రాలేమంటే ఊరి తుఫాను షెల్టర్‌కైనా పగటి వెలుతురులోనే చేరాలి. మందులు, పాస్‌బుక్కులు, ఆధార్ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, రెండు రోజులకు సరిపడా తాగునీళ్లు పట్టుకోమనండి.

ఒకవేళ దారి మారి తుఫాను కన్ను మన మీదుగానే వస్తే, హోరుగాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని బయటికి రావద్దని గట్టిగా చెప్పండి. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను దాటినప్పుడు విశాఖవాళ్లు చూశారు ఇది.

సాయం కావాలంటే విపత్తుల కంట్రోల్ రూమ్ నంబర్ 1070కి గానీ, అత్యవసర నంబర్ 112కి గానీ ఫోన్ చేయండి. సెల్ టవర్లు పడిపోయేలోపే మీవాళ్లు ఏ షెల్టర్‌లో ఉంటారో, పక్కన ఎవరి ఫోన్ పనిచేస్తుందో రాసి పెట్టుకోండి.