తాకితే తెలిసే రోబో చదువు: ఏ బ్రాంచి? ఎక్కడి ప్లస్ టూ?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి, కిరాణా కొట్టు. ఈ ఏడు మెట్రిక్ పాసైన మా అమ్మాయి స్పర్శ తెలిసే రోబోలు చేసే చదువే చదువుతానంటోంది. అలాంటి ఉద్యోగాలు ఉన్నాయా? ఇంటర్‌కి విశాఖ పంపాలా?

జవాబు: ఉన్నాయమ్మా. ఈ రంగం పేరు హాప్టిక్స్. ఫోన్‌లో అక్షరం నొక్కగానే వేలికి తగిలే చిన్న అదురు దాని పనే. ఆపరేషన్ చేసే రోబో పనిముట్టు లోపల ఎంత గట్టిగా తగిలిందో డాక్టరు చేతికి తెలియజెయ్యడమూ దాని పనే. ఆసుపత్రుల్లో వాడే డా విన్సీ రోబోలు ఆ స్పర్శ లేకుండానే ఏళ్ల తరబడి ఆపరేషన్లు చేశాయి. 2024లో వచ్చిన డా విన్సీ 5తో గానీ ఆ సౌకర్యం రాలేదు. చెయ్యాల్సింది ఇంకా బోలెడుంది. మన దగ్గర ఐఐటీ మద్రాసులో దీనికోసం టచ్ ల్యాబ్ ఉంది.

అయితే ఈ పేరుతో బీటెక్ సీటు వెతక్కండి. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) గానీ మెకానికల్ గానీ చదివి, ఎంటెక్‌లో ఇటు తిరగడం మేలు.

విశాఖ సంగతి తేల్చుకునే ముందు ఒకటి గుర్తుంచుకోండి. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు హోం స్టేట్ పిల్లలవి. పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే అదే హోం స్టేట్, ఇల్లు ఎక్కడుందో చూడరు. పర్లాకిమిడిలో ప్లస్ టూ చదివితే రూర్కెలా ఎన్‌ఐటీలో ఆ కోటా వస్తుంది. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో ఇంటర్ చదివినా చాలు, అది తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీకి మారిపోతుంది. రూర్కెలా 1961 నాటిది, తాడేపల్లిగూడెం 2015లో మొదలైంది. ఈ చదువుకు పాత ల్యాబులున్న చోటే మంచిది కాబట్టి పర్లాకిమిడిలోనే చదివించమంటాను. జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఒడియాలోనూ ఉంటుంది, భాష గురించి బెంగ వద్దు.

ఈలోగా ఇంట్లోనే ఒకటి చేయించండి. ఆర్డునో ఊనో బోర్డు (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది), ఎఫ్‌ఎస్‌ఆర్ 402 అనే ఒత్తిడి సెన్సరు, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కొనండి. సెన్సరు గుండ్రటి బిళ్ల, పల్చటి తోకతో ఉంటుంది; అందులో ఒత్తిడి తెలిసే భాగం అరంగుళం వెడల్పు. ఆ తోకకు సోల్డరింగ్ పెట్టనివ్వకండి, ప్లాస్టిక్ పొర కరిగి సెన్సరు పోతుంది. కనెక్టర్లో గుచ్చితే చాలు. ఒక కొస 5 వోల్టులకు, రెండోది ఏ0 పిన్నుకు, అక్కణ్నుంచి రెసిస్టర్ మీదుగా గ్రౌండుకు. తాకకపోతే బోర్డు చదివే అంకె సున్నా దగ్గర ఉంటుంది, నొక్కేకొద్దీ 1023 వైపు ఎక్కుతుంది.

అసలు పాఠం ఇక్కడుంది. బిళ్లను చదునైన చెక్కకు అతికించి, నడిమధ్య సైకిల్ ట్యూబు ముక్క పెట్టి, మీ కొట్లో తూకపు రాళ్లు 100, 200, 500 గ్రాములు వరసగా పెట్టమనండి. బరువు రెట్టింపైతే అంకె రెట్టింపు కాదు. మొదట్లో గబగబా ఎక్కి, తర్వాత నెమ్మదిస్తుంది. 500 గ్రాముల రాయి అయిదు నిమిషాలు అలాగే ఉంచితే, బరువు మారకపోయినా అంకె మెల్లగా పాకుతుంది. అదే మోడల్ ఇంకో బిళ్ల తెస్తే అంకెలు వేరుగా వస్తాయి. చెక్క లేకుండా బిళ్ల కాస్త వంగినా, ఎవరూ నొక్కకుండానే అంకె లేస్తుంది. ఇవన్నీ తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకోవాలి.

తర్వాత ఎస్‌జీ90 సర్వో మోటారుతో (చెప్పినంత కోణమే తిరిగే చిన్న మోటారు) వస్తువును పట్టుకునే రెండు వేళ్ల గ్రిప్పర్ చేసి, టమాటా చితక్కుండా పట్టించాలి. అంకె ఒక హద్దు దాటగానే మోటారు ఆగాలి. సర్వోకి కరెంటు బోర్డు నుంచే ఇస్తే, పట్టు బిగిసినప్పుడల్లా వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అవుతుంది. వేరే 5 వోల్టుల సప్లయి ఇచ్చి, రెండింటి గ్రౌండ్లూ కలపాలి. చివరగా ఆ పట్టు మనిషి వేలికి తెలిసేలా నాణెమంత అదురు మోటారు పెట్టొచ్చు. బోర్డు పిన్ను 20 మిల్లీ ఆంపియర్లకు మించి ఇవ్వకూడదు, మోటారు అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. అందుకే మధ్యలో 2ఎన్2222 ట్రాన్సిస్టర్, మోటారుకు అడ్డంగా డయోడ్ తప్పనిసరి.

నెల తర్వాత నోటుపుస్తకం చూడండి. అంకెలు ఎందుకు పాకుతున్నాయన్న పేజీలు ఎక్కువుంటే ఈసీఈ. గ్రిప్పర్ వేళ్ల ఆకారం పదిసార్లు మార్చి ఉంటే మెకానికల్. అదురు చేతికి ఎలా అనిపిస్తోందని ఇంట్లో అందరినీ అడిగి రాసుకుంటే బీడెస్ (డిజైన్ డిగ్రీ) మాట కూడా ఆలోచించండి. ఐఐటీల్లో దానికి రాయాల్సిన పరీక్ష యూసీడ్, ప్లస్ టూలో ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు.