బిగుసుకుపోయే జబ్బులో ఇంత నీరసం ఎందుకు?

ప్రశ్న: నా వయసు 41. ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ను. నడుము, పొట్ట కండరాలు కొయ్యబారిపోతున్నాయి. వెనక నుంచి బస్సు హారన్ మోగితే కాళ్లు బిగదీసుకుపోయి పడిపోతున్నాను. హైదరాబాద్‌లో పరీక్షలు చేసి ‘స్టిఫ్ పర్సన్ సిండ్రోమ్’ అన్నారు. డయాజిపామ్, బాక్లోఫెన్ వాడుతున్నాను. బిగువు తగ్గింది కానీ నీరసం భరించలేకపోతున్నాను. ఇంట్లో అంతా బెంగే అంటున్నారు. మాత్రలు మానేయవచ్చా?
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: మాత్రలు మీ అంతట మీరు మానవద్దమ్మా. ఈ రెండింటిలో ఏది ఒక్కసారిగా ఆపినా బిగువు ఉధృతంగా తిరగబెడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు.

మీ నీరసం బెంగ వల్ల వచ్చింది కాదు. కండరాలను అదుపులో ఉంచే నాడులకు గ్యాబా అనే రసాయనం కావాలి. దాన్ని తయారుచేసే గ్యాడ్ ఎంజైమ్‌పై మన రక్షణ వ్యవస్థే పొరపాటున తయారుచేసిన యాంటీబాడీలు ఈ జబ్బున్న చాలామందిలో కనిపిస్తాయి. గ్యాబా పని కుంటుపడితే ‘ఇక చాలు’ అనే ఆదేశం కండరానికి సరిగా అందదు. మీరు మంచం మీద కదలకుండా పడుకున్నా నడుము కండరం పని చేస్తూనే ఉంటుంది. కండరంలోని విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఎంజీ పరీక్షలో అది స్పష్టంగా తెలుస్తుంది. పైగా పొట్ట, వీపు కండరాలు ఒకేసారి బిగుసుకుని ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. నాలుగడుగులు వేసినా ఒళ్లు హూనం కావడంలో వింతేముంది? చప్పుడుకు, భయానికి బిగువు పెరుగుతుంది కాబట్టి చూసేవారు మానసికమనుకుంటారు. 1956లోనే వైద్యులు గుర్తించిన ఈ జబ్బును ఇప్పటికీ అలా కొట్టిపారేయడం చాలా బాధాకరం.

మాత్రల వల్ల వచ్చే మగత కూడా ఇందులో కలిసి ఉండవచ్చు. ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, ఎప్పుడు నీరసించారో వారం పాటు పుస్తకంలో రాయండి. వేసుకున్న గంటా రెండు గంటల్లోనే సోలిపోతుంటే మీ డాక్టర్ మోతాదునో వేళలనో సర్దుతారు. థైరాయిడ్, షుగర్, బి12 పరీక్షలు తప్పక చేయించండి. ఈ జబ్బుకు తోడుగా టైప్ 1 మధుమేహం, థైరాయిడ్ లోపం, బి12 ఒంటబట్టని రక్తహీనత వస్తుంటాయి.

ఇంకొకటి మరింత జాగ్రత్తగా గమనించండి. సాయంత్రానికి కనురెప్పలు వాలుతున్నాయా? ఒకటి రెండుగా కనిపిస్తోందా? అన్నం నములుతుంటే మధ్యలో దవడలు అలసిపోతున్నాయా? మాట ముక్కుతో వస్తోందా? ఇవి బిగువు వల్ల వచ్చేవి కావు. నాడి, కండరం కలిసే చోట సంకేతం అందకపోవడం వల్ల వచ్చే మయస్తీనియా అనే మరో జబ్బు లక్షణాలు. అరుదుగా ఈ రెండు జబ్బులూ ఒకరికే వస్తాయి. అప్పుడు డయాజిపామ్ విషయంలో ఎంతో జాగ్రత్త అవసరం, ఎందుకంటే అది శ్వాసను మందగింపజేయగలదు. నాడికి వెంటవెంటనే కరెంటు ఇచ్చి చేసే పరీక్ష, ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ రక్తపరీక్షతో విషయం తేల్చవచ్చు. నిమ్స్ వంటి చోట న్యూరాలజీ నిపుణులను కలవండి. మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. 108కి ఫోన్ చేసి వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లండి.

మందులతో అదుపు కాకపోతే, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను నరంలోకి ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్ చికిత్స ఉంది. ఖర్చు ఎక్కువే, కానీ చాలామందికి మేలు చేసింది. జిమ్ కసరత్తుల జోలికి పోకుండా ఫిజియోథెరపిస్ట్ దగ్గర నెమ్మదిగా సాగదీసే వ్యాయామాలు నేర్చుకోండి. బస్టాండ్ లాంటి రద్దీ చోట్లకు ఒంటరిగా వెళ్లకండి. తరగతులు ఉదయం పూటే ఉండేలా చూడమని ప్రధానోపాధ్యాయులను అడగండి. వెనక నుంచి వచ్చి ఉలిక్కిపడేలా పిలవవద్దని పిల్లలకు చెప్పండి.