పీకించెయ్యాలా, బాగుచేయించుకోవాలా? పళ్ళ గురించి మీరడిగినవి, డాక్టరమ్మ చెప్పినవి

ఈ నెల వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ చదువుతుంటే నాకు ఒకటే అనిపించింది, అందరూ ఏ పన్ను పెట్టించుకోవాలి, ఏ కంపెనీది, ఎంతవుద్ది అని అడుగుతున్నారు గానీ ఆ పన్ను దేని మీద నిలబడాలో, కింద ఎముక ఎలా ఉందో, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందో లేదో ఒక్కళ్ళు కూడా రాయలేదు. ఇల్లు కట్టేటప్పుడు టైల్స్ డిజైన్ల గురించి గంటసేపు మాట్లాడి పునాది సంగతి మేస్త్రీకే వదిలేసినట్టుంది. సరే, వచ్చినవి చూద్దాం.

నాకు 34 ఏళ్ళు మేడం. పైన కుడివైపు దవడ పన్ను పుచ్చిపోయి నెలరోజులు నరకం చూశాను. మెడికల్ షాపులో బిళ్ళలు తెచ్చుకుని వాడాక నొప్పి పూర్తిగా పోయింది. డాక్టర్ మాత్రం రూట్ కెనాల్ చేసి క్యాప్ వెయ్యాలంటున్నారు. మా అత్తగారేమో పై పన్ను జోలికెళ్తే కంటిచూపు పోద్దంటున్నారు, మా ఆయన నొప్పే లేనప్పుడు ఎందుకు డబ్బులు దండగ అంటున్నారు. – ఓ గృహిణి, తెనాలి

అమ్మా, నొప్పి పోయిందని మీరు సంతోషపడుతున్నారు, నాకేమో అదే భయంగా ఉంది. పన్ను లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది, నరం రక్తనాళాలు అన్నీ అందులోనే. పుప్పి ఆ గుజ్జు దాకా వెళ్ళినప్పుడే రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని పోటు వస్తుంది. కొన్నాళ్ళకి ఆ నరం చచ్చిపోద్ది, చచ్చిన నరానికి నొప్పేం తెలుస్తుంది, దాంతో తగ్గిపోయింది అనుకుంటాం. లోపల క్రిములు మాత్రం వేరు కొస దాకా దిగి ఎముకలో చీము చేరుస్తూ ఉంటాయి, సరిగ్గా ఏ పెళ్ళికో పండక్కో టైం చూసుకుని బుగ్గ బూరెలా వాస్తుంది. యాంటీబయాటిక్ బిళ్ళ రక్తంలో కలిసి పనిచేసేది కదా, చచ్చిన పంటి లోపలికి ఇక రక్తమే వెళ్ళదు, మరి మందెలా వెళ్ళుద్ది? అందుకే బిళ్ళలతో వాపు తగ్గుద్దేమో గానీ జబ్బు పోదు.

రూట్ కెనాల్ అంటే పంటికి పైనుంచి చిన్న కన్నం పెట్టి, ఆ కుళ్ళిన గుజ్జంతా సన్నటి సూదుల్లాంటి ఫైళ్ళతో గీకి తీసి, మందు నీళ్ళతో కడిగి, ఖాళీ అయిన సందుల్ని గట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో గట్టిగా మూసెయ్యడం. మీరు చెప్పిన పై దవడ పంటికి సాధారణంగా మూడు వేర్లుంటాయి, వాటిలో చాలామందికి నాలుగో సందు కూడా దాక్కుని ఉంటుంది, దాన్ని వెతకడానికే టైం పడుతుంది. మత్తింజెక్షన్ ఇచ్చాక నొప్పి పెద్దగా తెలీదు, నోరు తెరిచి తెరిచి దవడలు లాగుతాయంతే.

క్యాప్, అంటే పంటి మీద వేసే తొడుగు, మాత్రం వదిలెయ్యకండి. నొప్పి పోయింది కదా క్యాప్ తర్వాత చూద్దాంలే అని వెళ్ళిపోయి, ఏడాది తర్వాత వక్కపలుకు కొరికి పన్ను నిలువునా రెండుగా చీలి వచ్చేవాళ్ళని నేను వారానికొకరినైనా చూస్తాను. అలా వేరు దాకా చీలితే ఇక పీకడమే, మొదట పెట్టిన డబ్బులూ పోయినట్టే.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ ఊరికే అనలేదు, పై పన్ను పోటు నిజంగానే కణతలోకీ కంటి వెనక్కీ లాగినట్టు ఉంటుంది. ముఖానికి స్పర్శ తెలిపే నరం మూడు కొమ్మలుగా చీలి ఒకటి కన్నూ నుదురు వైపు, ఒకటి పై దవడకి, ఒకటి కింది దవడకి వెళ్తుంది, అందుకే ఆ నొప్పి అలా పాకుతుంది. కానీ చూపుకి సంబంధించిన నరం పూర్తిగా వేరేది, పంటితో దానికి చుట్టరికమే లేదు. పళ్ళు ఊడే వయసూ చూపు తగ్గే వయసూ ఇంచుమించు ఒకటే అయ్యేసరికి పాపం పంటి మీద పడింది నింద.

వయసు 52. సుగర్ ఉంది. నాలుగేళ్ళ క్రితం కింద దవడ పన్ను ఒకటి తీయించాను, అప్పట్నుంచి ఖాళీగానే ఉంది. ఒక క్లినిక్‌లో బ్రిడ్జ్ అంటున్నారు, ఇంకోచోట ఇంప్లాంట్ అంటున్నారు, రేటు చూస్తే మూడింతల తేడా. ఒక్క పన్ను కోసం ఇంత అవసరమా? – ప్రైవేట్ ఉద్యోగి, రాజమండ్రి

ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు చెప్తా. అన్నిటికన్నా చివరి పన్ను పోయి, పైన దానికి ఎదురు పన్ను కూడా లేకపోతే, నమలడానికి ఇబ్బంది లేదంటే వదిలేసినా కొంపలేం మునగవు. మధ్యలో పన్నైతే అలా కాదు. రైలు బెర్తులో ఒకాయన లేస్తే పక్కాయన కాళ్ళు చాపినట్టు, వెనక పన్ను ఆ ఖాళీలోకి ఒరుగుతుంది, పైన పన్ను ఆనుకునేది లేక కిందికి జారుతుంది. అద్దం పెట్టి చూసుకోండి, నాలుగేళ్ళు అయ్యింది కాబట్టి మీకే కనపడొచ్చు.

బ్రిడ్జ్ అంటే అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళని అరగదీసి, మూడు పళ్ళు కలిపి పోసిన తొడుగుని వాటి మీద అతికించడం. రెండు వారాల్లో పనైపోద్ది. కానీ ఏ తప్పూ చెయ్యని రెండు మంచి పళ్ళని అరగదీయాలి, అది మళ్ళీ పెరిగేది కాదు. మీ పక్క పళ్ళకి ఇప్పటికే రూట్ కెనాల్ అయ్యుంటేనో పెద్ద ఫిల్లింగులు ఉంటేనో ఎలాగూ వాటికి క్యాప్ కావాలి కాబట్టి బ్రిడ్జే వెయ్యించుకోండి, నేనైతే అదే చెప్తాను. అవి రెండూ చెక్కుచెదరకుండా ఉంటే మాత్రం ఇంప్లాంట్ వైపే నా ఓటు.

ఇంప్లాంట్ ఎలా పుట్టిందో చెప్పాలి, నాకిష్టమైన కథ ఇది. స్వీడన్‌లో పర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ అని ఒక డాక్టరు, పళ్ళ డాక్టరు కాదు, ఎముకలు ఎలా మానతాయో చూద్దామని 1952లో కుందేలు కాలి ఎముకలో టైటానియంతో చేసిన చిన్న గొట్టం లాంటిది పెట్టాడు. పనైపోయాక తీద్దామంటే రాలేదు, ఎముక ఆ లోహాన్ని తనదే అనుకుని పట్టేసుకుంది. దాన్ని పట్టుకునే 1965లో మొదటిసారి మనిషి దవడలో పెట్టాడు, ఆ పేషెంటుకి అవి నలభై ఏళ్ళ పైచిలుకు పనిచేశాయి. ఇప్పటికీ సూత్రం అదే. టైటానియం స్క్రూ ఎముకలో బిగిస్తారు, కింది దవడలో దాదాపు మూడు నెలలు, పై ఎముక కాస్త మెత్తన కాబట్టి అక్కడ ఇంకొంచెం ఎక్కువ ఆగుతారు, ఎముక పట్టుకున్నాక దాని మీద క్యాప్.

మీ విషయంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి, పన్ను తీశాక కింద ఎముకకి పనుండదు, పనిలేని ఎముక కరిగిపోతూ ఉంటుంది, అందులో ఎక్కువ భాగం మొదటి ఏడాదిలోనే. కాబట్టి సీబీసీటీ అని దవడ ఎముకని అన్ని వైపుల నుంచీ చూపించే స్కాన్ తీయించి ఎముక ఎంత మందం మిగిలిందో చూడకుండా ఎవరైనా రేపే స్క్రూ వేసేస్తాం అంటే లేచి వచ్చెయ్యండి. రెండోది సుగర్. అదుపులో ఉంటే ఇంప్లాంట్‌కి అడ్డేం కాదు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 దగ్గర్లో ఉంటే నిశ్చింతగా వెళ్ళొచ్చు, 8 దాటిందంటే ముందు దాన్ని దించుకోండి. సిగరెట్ కాలుస్తారా, గుట్కా ఖైనీ ఏమైనా అలవాటుందా? మీరు రాయలేదు. ఉంటే మానెయ్యండి, లేదంటే ఆ డబ్బు బ్యాంకులో వేసుకోండి. రక్తం పల్చబడే మందులు గానీ ఎముకలు గుల్లబారకుండా వాడే మందులు గానీ ఉంటే డాక్టరుకి ముందే చెప్పండి, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు.

మాది శ్రీకాకుళం జిల్లా, సముద్రం పక్క ఊరు. మాయమ్మకి 63. పళ్ళన్నీ ఊడిపోయాయి, మూడు నాలుగు కదులుతూ ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ అడ్డపొగ తాగే అలవాటు. ఊళ్ళోకి ఒకాయన వచ్చి ఒక్కరోజులో సెట్ కట్టేస్తాను, తక్కువలో అయిపోద్ది అంటున్నాడు. కట్టించేమంటారా? – కొడుకు

వద్దు తమ్ముడూ. ఆయన్ని వద్దనడానికి కారణం రేటు కాదు. అడ్డపొగ అంటే తెలియని పాఠకుల కోసం చెప్తున్నా, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం, ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళలో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి, అక్కడ తెల్లటి మచ్చలు, ఎర్రటి చుక్కలు వస్తాయి, కొందరికి అదే అంగిలి క్యాన్సర్‌గా మారుతుంది. పై సెట్టు సరిగ్గా ఆ అంగిలినే కప్పేస్తుంది. మచ్చ మీద మూత పెట్టినట్టన్నమాట, లోపల ఏం పెరుగుతోందో ఇక ఎవరికీ కనపడదు.

ఈ ఆదివారం మీ అమ్మని ఎండలో కూర్చోబెట్టి తల వెనక్కి వాల్చి నోరు తెరవమనండి, ఫోన్ లైట్ వేసి అంగిలి చూడండి. మచ్చ కనపడినా కనపడకపోయినా విశాఖలో డెంటల్ కాలేజీకి గానీ పెద్ద ప్రభుత్వాసుపత్రికి గానీ తీసుకెళ్ళి చూపించండి, అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు, అంతా బాగుందన్నాకే సెట్టు సంగతి. చుట్ట మానిపించే పని మాత్రం ఇవాళే మొదలుపెట్టాలి.

సెట్టు కట్టాలంటే కదిలే పళ్ళు తీసేసి చిగురు మానడానికి రెండు మూడు నెలలు ఆగుతారు, తర్వాత అచ్చు తీసి, మైనం మీద పళ్ళు పేర్చి నోట్లో పెట్టి చూసి, నాలుగైదు సార్లు తిప్పుతారు. విసుక్కోకండి, అది సరిగ్గా చేస్తున్నారనడానికి గుర్తు. ఊళ్ళల్లో ఒక్కరోజు పని చేసేవాళ్ళు ప్లాస్టిక్ లాంటి పొడి ముద్ద చేసి కదిలే పళ్ళకే తీగలేసి అతికించేస్తారు, దాని కింద అన్నం మెతుకులు కుళ్ళి మిగతా ఎముక కూడా పోద్ది. డబ్బు ఇబ్బంది ఉంటే డెంటల్ కాలేజీల్లో స్టూడెంట్లు ప్రొఫెసర్లు పక్కనుండి చూస్తుండగా చేస్తారు, ఖర్చు చాలా తక్కువ. హైదరాబాద్, విజయవాడ, కడపల్లో ప్రభుత్వ డెంటల్ కాలేజీలే ఉన్నాయి.

పై సెట్టు అంగిలికి ఉమ్మి పొరతో అతుక్కుని బాగానే నిలబడుద్ది. కింది సెట్టుకి ఆ చోటు లేదు, పైగా నాలుక నెడుతూ ఉంటుంది, అది కొంచెం కదలడం మామూలే. మొదటి రెండు వారాలు జావ, మెత్తటి అన్నం పెట్టండి. రాత్రి తీసి చన్నీళ్ళ గిన్నెలో వెయ్యాలి, వేణ్ణీళ్ళలో వేస్తే వంకర పోద్ది. కడిగేటప్పుడు కింద నీళ్ళున్న బకెట్ పెట్టుకోమనండి, తడి చేతుల్లోంచి జారి గచ్చు మీద పడితే రెండు ముక్కలే.

తినేటప్పుడు క్యాప్ ఊడి వచ్చింది. ఫెవిక్విక్‌తో అతికించుకోవచ్చా? – గుంటూరు

బాబోయ్, వద్దు. కడిగి డబ్బాలో పెట్టుకుని డాక్టర్ దగ్గరికెళ్ళండి, లోపల పుప్పి లేకపోతే అదే క్యాప్ పది నిమిషాల్లో మళ్ళీ అతికిస్తారు. నిద్రలో మింగేస్తారు, నోట్లో అలాగే ఉంచుకోకండి.

మాది నల్గొండ దిక్కు. నాకు 23. పండ్ల మీద గోధుమ రంగు మచ్చలున్నయి, ఎంత తోమినా పోతలేవు. ఇంటర్వ్యూలకి పోతే నోరు తెరవాలంటే సిగ్గయితుంది. ముందు పండ్లు పన్నెండింటికీ క్యాప్‌లు వేస్తే సినిమా హీరో లెక్క అయితవ్ అంటుండ్రు. వేయించుకోవాల్నా?

మొదట సిగ్గు మాట పక్కన పెట్టు తమ్ముడూ, నువ్వు తోమకపోవడం వల్ల వచ్చినవి కావవి. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే, ఎనిమిదేళ్ళ లోపు చిగుళ్ళ కింద తయారవుతున్న పళ్ళ పెంకు సరిగ్గా గట్టిపడదు, ఆ గుల్లలోకి తర్వాత రంగు దిగుతుంది. మన దేశంలో దీని గురించి 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి రాశారు. పటికా సున్నం కలిపి నీళ్ళల్లో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు, మీ ఊరి కష్టం ఎంత పాతదో చూడు.

23 ఏళ్ళకి పన్నెండు పళ్ళు అరగదీయించుకోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. క్యాప్‌లు జీవితాంతం ఉండవు, పది పదిహేనేళ్ళకోసారి మారుస్తూ పోవాలి, ప్రతిసారీ లోపల పన్ను కాస్త తగ్గుద్ది. మచ్చలు పైపైనే ఉంటే మైక్రో అబ్రేషన్ అని పల్చటి పొర గీకి, తర్వాత బ్లీచింగ్ చేస్తే చాలావరకు తేలిపోతాయి. ఇంకా కనపడేచోట కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగు పదార్థం పూస్తారు. గుంటలు పడి పెంకు రాలిపోతుంటేనే వెనీర్లు (పంటి ముందు వైపు అతికించే పల్చటి రేకులు), క్యాప్‌లు. చిన్నదానితో మొదలుపెట్టి అద్దంలో చూసుకుని చాలు అనిపించినచోట ఆగిపో.

డాలస్‌లో ఉంటాం. ఇక్కడ ఇన్సూరెన్స్ ఏడాదికి ఇచ్చేది ఏ మూలకీ రావట్లేదు. డిసెంబర్‌లో మూడు వారాలు హైదరాబాద్ వస్తున్నాం, రెండు ఇంప్లాంట్లు పూర్తి చేయించుకుని రావచ్చా?

మూడు వారాల్లో స్క్రూలు వేయించుకోవచ్చు, క్యాప్‌లకి మళ్ళీ వేసవిలో రండి. ఎముక మీ టికెట్ డేట్ చూసి గట్టిపడదు. స్క్రూ కంపెనీ, సైజు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ కార్డు అడిగి తీసుకోండి, రేపు అక్కడ ఏదైనా లూజయితే దానికి సరిపడే పార్టు దొరకడానికి అదొక్కటే ఆధారం. రూట్ కెనాల్స్, బ్రిడ్జ్‌లైతే మూడు వారాల్లో హాయిగా అవుతాయి, కానీ దిగిన మర్నాడే వెళ్ళండి, చుట్టాలిళ్ళన్నీ తిరిగి చివరి నాలుగు రోజుల్లో రాకండి.

మా బాబుకి తొమ్మిదేళ్ళు. సైకిల్ మీంచి పడి ముందు పన్ను సగం విరిగింది. ముక్క ఎక్కడో పడిపోయింది. అది ఉంటే అతికించేవాళ్ళం అన్నారు డాక్టర్, నిజమేనా? – ఓ తల్లి, అనంతపురం

నిజమే. ముక్క దొరికితే నీళ్ళల్లో వేసి తెస్తే చాలాసార్లు అదే అతికిస్తాం, గీత కూడా సరిగ్గా కనపడదు. ఇప్పుడు కాంపోజిట్‌తో కడతారు, అదీ బాగానే ఉంటుంది. కాకపోతే తొమ్మిదేళ్ళకి ఆ పంటి వేరు ఇంకా పూర్తిగా మూసుకోదు కాబట్టి కొన్ని నెలలకోసారి ఎక్స్‌రే తీయించండి, పన్ను నల్లబడుతున్నా చిగురు మీద పొక్కు కనపడినా వెంటనే చూపించండి.

పన్ను మొత్తం వేరుతో సహా ఊడి వస్తే సంగతి వేరు, ఇది మిగతా అమ్మలు కూడా వినండి. తెల్లగా కనపడే పైభాగం పట్టుకోండి, వేరు ముట్టుకోవద్దు, రుద్ది కడగొద్దు, మట్టి ఉంటే ఒక్కసారి నీళ్ళు పోసి పోగొట్టి అదే గుంటలో పెట్టి గుడ్డ కొరికించండి, చేతకాకపోతే గ్లాసుడు చల్లటి పాలల్లో వేసి అరగంటలో డాక్టర్ దగ్గరుండండి. పాల పన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద పెరుగుతున్న అసలు పన్ను దెబ్బతింటుంది.